మల్లవ్వ మాఫీ

మల్లవ్వ నిజం చెప్పి ఎల్సీ కొంప ముంచింది.

సంగారెడ్డి కోర్టులో లోక్ అదాలత్ రోజంటే చిన్నపాటి జాతర. ఏళ్ళ తరబడి కదలని కేసులు ఆ ఒక్కరోజు రాజీ మాటతో తెగిపోతాయి. రెండు పక్షాల వాళ్ళూ వస్తారు, జడ్జిగారి ముందు నిలబడి ఇష్టమేనంటారు, సంతకమో వేలిముద్రో పెడతారు, బయటికొచ్చి చాయ్ తాగి ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. తన మొగుడు ఏలీయా మీదున్న యాక్సిడెంట్ కేసు కూడా అలాగే తెగిపోతుందని ఎల్సీ ఆ రోజు బొల్లారంలో తను పనిచేసే మందుల కంపెనీకి సెలవు పెట్టి మరీ వచ్చింది. కారు తగిలి కాలు విరిగిన మనిషి మల్లవ్వ. ఆమె ఒప్పుకుంటే చాలు. వకీలు రాంచందర్ ఆమెకు ముందే నూరిపోశాడు.

"అవ్వా, జడ్జి సారు అడిగితే 'ఇష్టమే సారూ' అను. గంతే. ఇంకో ముచ్చట తియ్యకు."

"సరే బిడ్డా" అంది మల్లవ్వ బుద్ధిగా.

తీరా జడ్జిగారు కాగితాలు తిరగేస్తూ, "ఏమమ్మా, మీకు కారు తగిలించింది ఈయనేనా? ఈయనతో రాజీ మీకు ఇష్టమేనా?" అని అడిగారు. మల్లవ్వ కర్ర మీద బరువు మోపి, ఏలీయాను కింది నుంచి మీదికి ఒకసారి చూసి, "గీయన కాదు సారూ. గీయన నన్ను ఎత్తుకొని దవాఖానకు తీస్కపోయినాయన. గుద్దింది ఇంకో పిల్లగాడు" అంది.

రాంచందర్‌కు దగ్గు తెర ముంచుకొచ్చింది. "పెద్దమనిషి సార్, చూపు సరిగ్గా ఆనదు" అని సర్దబోయాడు. మల్లవ్వ ఊరుకుంటేనా! "నా కండ్లకేం దెబ్బ? గా కిటికీల కాకి కూసున్నది, గది గుడ సూస్త" అని కర్ర ఎత్తి చూపించింది. నిజంగానే కాకి ఉంది. జడ్జిగారు కళ్ళజోడు పైకి తోసి వకీలును ఒక చూపు చూసి, "ముందు మీలో మీరు మాట్లాడుకుని రండి" అని ఫైలు పక్కన పడేశారు. మళ్ళీ లోక్ అదాలత్ అంటే మూడు నెలలు.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఎల్సీ కడుపుమంటంతా అక్కడే ఉంది.

కిందటి ఎండాకాలం హత్నూర దగ్గర చుట్టాలింట్లో కృతజ్ఞత కూడికకు పోయి అందరూ ఏలీయా పాత కారులో తిరిగొస్తున్నారు. ముందు సీట్లో ఎల్సీ తమ్ముడు బిల్లీ. వెనక ఎల్సీ, వాళ్ళమ్మ దయావతి. "బావా, ఒక్కసారి నాకియ్యి బావా, రోడ్డు ఖాళీగున్నది" అని బిల్లీ గునిసి గునిసి స్టీరింగ్ అందుకున్నాడు. వాడికి అప్పటికి లైసెన్సు లేదు, బుద్ధి అసలే లేదు. ఊరి మలుపులో మల్లవ్వ నెత్తిన గడ్డిమోపుతో రోడ్డు దాటుతోంది. గడ్డి రోడ్డంతా చెల్లాచెదురైంది, మల్లవ్వ కాలు విరిగింది. బిల్లీ కారు దిగి గట్టు పక్కన వాంతి చేసుకుంటూ కూర్చున్నాడు. ఏలీయా ఆమెను రెండు చేతులమీదా ఎత్తి వెనక సీట్లో ఎల్సీ ఒళ్ళో పడుకోబెట్టి సంగారెడ్డి దవాఖానకు తోలాడు.

ఇక పోలీస్ స్టేషన్. ఈ ప్రాంతంలో బండి ఎవరు నడిపారన్నది ఒక సంగతి, ఎవరి పేరు రాయించాలన్నది ఇంకో సంగతి. లైసెన్సున్నవాడి పేరు రాయిస్తారు. అట్లయితేనే ఇన్సూరెన్సు వర్తిస్తుంది, పిల్లవాడు జైలు మొహం చూడడు. దాన్ని ఎవరూ అబద్ధమనుకోరు, లోకజ్ఞానం అనుకుంటారు. ప్రతి ఆదివారం పది ఆజ్ఞలూ వరస తప్పకుండా అప్పజెప్పే దయావతి కూడా అలాగే అనుకుంది. "అల్లుడా, పిల్లగాని బతుకు నీ చేతుల ఉన్నది. బావవు, నువ్వు గాకపోతే ఎవరు మీదేసుకుంటరు?" అని చేతులు పట్టుకుంది. ఎల్సీ కూడా అప్పుడు "అను" అనే అంది. ఏలీయాకు ఎవరేమడిగినా ఊఁ అనడం తప్ప ఊహూఁ అనడం పుట్టుకతోనే రాదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? "నేనే నడిపిన సార్" అన్నాడు. వాళ్ళు రాసుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ తర్వాత ఏలీయా క్రేను నడిపే పటాన్‌చెరు షెడ్డు మూతపడింది. అక్కడో రోజు, ఇక్కడో రోజు, రానివాళ్ళ బదులు పనికి పోయి వస్తున్నాడు. ఏజెంటు ఒకాయన మస్కట్‌లో క్రేను పని చూశాడు. ఇంటర్వ్యూ అయింది, మెడికల్ అయింది, అంతా అయింది. పోలీసు క్లియరెన్సు దగ్గర బండి ఆగిపోయింది. "నీ మీద కేసున్నది గదన్నా" అన్నారు. ఆ కేసు తెగితే తప్ప ఏలీయా విమానం ఎక్కలేడు. మస్కట్ కంపెనీవాళ్ళు గడువు పెంచుతూ వచ్చి, ఇక ఈ నెలాఖరు దాకానే చూస్తామన్నారు. ఆ తర్వాత వేరే మనిషి.

మూడు నెలల కింద, రెండో లోక్ అదాలత్‌కు ఏలీయా పొద్దున్నే బండేసుకుని మల్లవ్వను తీసుకురావడానికి పోయాడు. మధ్యాహ్నానికి ఒక్కడే తిరిగొచ్చాడు, చేతిలో చిక్కుడుకాయల సంచితో.

"ఏమైందయ్యా? అవ్వేది?"

"మేక ఈనుతున్నదంట. ఎట్లొస్తది పాపం. కాయలు లేతగున్నయని నీకిచ్చింది."

ఎల్సీకి ఆ సంచి తీసుకుని మొగుడి నెత్తిన గుమ్మరించాలనిపించింది. చివరికి ఆ కాయలే కూర వండి పెట్టింది. వండుతున్నంతసేపూ గిన్నెలు మోత మోగాయి.

అసలు తప్పంతా ఆ మంచితనానిదే. మల్లవ్వకు కొడుకుల్లేరు. ఉన్న ఒక్క కూతురూ నర్సాపూర్ పక్క కాపురం చేసుకుంటోంది. కట్టు కట్టిన కాలితో ముసలామె మంచంలో ఉంటే, ఏలీయా ప్రతి ఆదివారం చర్చి అయిపోగానే హత్నూర పోయేవాడు. ఎముక అతుకుతుందని ఎల్సీ చేత పాయ పులుసు కాయించి డబ్బాలో పట్టుకుపోయేవాడు. పోతే ఊరికే కూర్చుంటాడా? నీళ్ళు తోడేవాడు, మేకలకు కొమ్మ కొట్టి వేసేవాడు, ఆమెను ఎత్తుకుని ఎండలో కూర్చోబెట్టేవాడు. మల్లవ్వ కొడుకా అంటే ఈయన అవ్వా అన్నాడు. గుద్దిన బిల్లీ మాత్రం ఒక్కనాడూ ఆ గడప తొక్కలేదు.

మూడో లోక్ అదాలత్ ఈ శనివారమే. సోమవారం నాడే ఎల్సీ వకీలు ఆఫీసుకు పోయింది. మెట్ల పక్కన పెద్ద బోర్డు: యాక్సిడెంట్ కేసులు, విడాకులు, పాస్‌పోర్టు పనులు.

"వకీల్ సాబ్, ఉన్నదున్నట్టు నిజమే చెప్పేస్తే పీడ పోదా?"

"నిజం చెప్తే దర్జాగ ఇరుక్కుంటరు చెల్లె" అన్నాడు రాంచందర్. "అబద్ధం రాయించిండని మీ ఆయన మీద ఒకటి, లైసెన్సు లేకుండ నడిపిండని మీ తమ్ముని మీద ఒకటి. ఇన్సూరెన్సోళ్ళు అలగ్ మీద పడ్తరు. ఒక్క కేసుకు సంతానం పుడ్తది."

"కోర్టు పర్మిషన్ తీస్కొని బయటి దేశం పోవచ్చన్నరు గద మీరు?"

"పిటిషన్ ఏసిన. గది సూసే జడ్జి మేడం బదిలీ అయ్యింది. కొత్తాయన రావాలె, వచ్చి వాయిదా ఇయ్యాలె."

"గప్పటికి మస్కటోళ్ళు ఇంకొకర్ని తీస్కుంటరు."

"అదీ నిజమే."

ఆయన అదీ నిజమే అన్నప్పుడల్లా ఎల్సీకి ఒళ్ళు మండుతుంది. అన్నీ నిజాలే తెలిసిన మనిషికి ఒక్క ఉపాయం తెలియదు. లేచి వస్తూ వాకిట్లో ఆగింది. "మీ బోర్డు మీద విడాకులని ఉన్నది. మొగునితోటేనా, తమ్మునితోటి గుడ ఇప్పిస్తరా?"

రాంచందర్ నవ్వాడు గానీ ఆమె నవ్వలేదు.

బుధవారం షిఫ్టు మార్చుకుని హత్నూర బస్సెక్కింది. మల్లవ్వ ఇంటి ముందు అరుగు మీద కాలు చాపుకుని చింతపండు గింజ తీస్తోంది. ఎల్సీని చూడగానే ముఖం విప్పారింది. "రా బిడ్డా. కొడుకు రాలేదా?"

"కొడుకు రాలే. కోడలొచ్చింది" అంది ఎల్సీ కూర్చుంటూ. "అవ్వా, ఈ శనివారం కోర్టుకు రావాలె."

"వస్త. ఏమనాలె?"

"గీయనే గుద్దిండు, మాఫీ చేసిన అనాలె."

"ఎట్లంట బిడ్డా?"

"నోటితోటే అంటరవ్వా!"

మల్లవ్వకు కోపం రాలేదు. గింజ ఒకటి తీసి పక్కన వేసి, పిల్లకు లెక్క చెప్పినట్టు నిదానంగా చెప్పింది. "మాఫీ అంటే ఏంది? తప్పు చేసినోణ్ణి పోనీ తియ్యి అనుడు. చెయ్యనోణ్ణి మాఫీ చేసిన అంటే, చేసిండని నేనే ముద్ర ఏసినట్టు గాదా? నన్ను సంకనేసుకొని సాకిండు. నా నోటితోటి గాయన మీద గంత మాట ఎట్లంట?"

"మస్కట్ పోతున్నడవ్వా. నువ్వు గా మాట అనకపోతేనే ఆయనకు కష్టం."

"గుద్దినోణ్ణి తోలుకరా." మల్లవ్వ చింతపండు పక్కకు జరిపింది. "నా గడపల నిలవడి 'అవ్వా, నేనే' అంటే సాలు. ఏమన్న అడుగుతనా, తిడుతనా? గప్పుడు జడ్జి సారు ముంగట 'నన్ను గుద్దినోణ్ణి మాఫీ చేసిన సారూ' అంట. గది అబద్ధం గాదు. కాగితంల ఎవరి పేరు రాసుకున్నరో నాకేమెరుక? నాకు సదువు రాదు."

ఎల్సీ ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. అబ్బ! ఇన్నాళ్ళకు ఒక దారి. ఎంత? ఒక్క గంట పని. బిల్లీని బండెక్కించుకుని రావడం, వాడు ఆ ఒక్క ముక్క అనడం, పోవడం. బస్సులో వస్తున్నంతసేపూ ఎల్సీ మనసు తేలిగ్గా ఉంది. తమ్ముడంటే తమ్ముడే గదా, ఈ మాత్రం చేయడా అనుకుంది.

చేయడు.

గురువారం సాయంత్రం బీరంగూడలో తల్లి ఇంటికి పోయేసరికి హాలు నిండా మనుషులు, కుర్చీలు. బిల్లీ ప్రయాణానికి ప్రార్థన కూడిక పెట్టారు. మర్నాడు రాత్రి వాడి విమానం. ఏలీయా అంతకుముందే వచ్చి కుర్చీలు మోస్తున్నాడు, ఇంకేం చేస్తాడు! ప్రార్థనలయ్యాయి, కేకు అయింది, మనుషులు కదిలారు. ఎల్సీ తమ్ముణ్ణి లోపలి గదిలోకి లాగింది. మంచం మీద కొత్త పెట్టె నోరు తెరుచుకుని ఉంది.

"బిల్లీ, రేపు పొద్దుగాల హత్నూర పోయొద్దాం. ఒక్క గంట."

సంగతి వినగానే వాడి ముఖం మాడిపోయింది. "అక్కా, పిచ్చా నీకు? గా ఊరోళ్ళు పట్టుకుంటే? ఎవడన్న ఫోన్ల వీడియో తీస్తే? నా వీసా క్యాన్సిల్ అయితది."

"ఎవ్వరూ ఉండరు రా. గా ముసలామె ఒక్కతే. 'నేనే అవ్వా' అను, కాలు మొక్కు, రా."

"ఇప్పుడు గదంతా తవ్వుడు ఎందుకక్కా? అయిపోయింది గద."

"ఎవరికయ్యింది? ఎటు పోతున్నవురా నువ్వు?"

"ఖతర్‌కు."

"ఏం పనికి?"

బిల్లీ నేల చూపులు చూశాడు. "డ్రైవర్ పనికి."

ఎల్సీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కారు గుద్దిన వాడు లైసెన్సు తెచ్చుకుని, మచ్చలేని కాగితాలతో, కారు నడపడానికి దేశం దాటుతున్నాడు. గుద్దని వాడు నేరస్తుడై ఇక్కడ కుర్చీలు మోస్తున్నాడు. ఇది వింటే ఎవరైనా నమ్ముతారా?

దయావతి తలుపు తోసుకుని వచ్చింది. "ఏందే లొల్లి? పోయేటోన్ని పరేషాన్ చెయ్యకు బిడ్డా. ప్రయాణం ముంగట కండ్లల్ల నీళ్ళు పెట్టిస్తరా? అల్లుడు మంచోడు. దేవుడు గాయనకు ఇంకో తొవ్వ సూపిస్తడు."

"సూపించిండమ్మా! దేవుడు సూపించిన తొవ్వకు నీ కొడుకు అడ్డం పడుకున్నడు!"

"మెల్లగ మాట్లాడు, బయట పాస్టరయ్య ఉన్నడు."

"పాస్టరయ్యనే పిలువు. ఆయన ముంగటనే చెప్తా."

"బావ నన్ను ఒక్క మాటనలేదు" అన్నాడు బిల్లీ ఉక్రోషంగా. "నడుమ నీకేం బాధ అక్కా?"

అప్పుడే ఏలీయా గది గుమ్మంలోకి వచ్చాడు, చంకలో రెండు కుర్చీలతో. అంతా విన్నాడు. వినీ ఏమన్నాడు? "పోనీ ఎల్సీ. పిల్లగాడు భయపడ్తుండు. ఫ్లైటు టైముకు పోని. రేపు నేనే ఎయిర్‌పోర్టుకు దింపొస్త" అన్నాడు.

ఎల్సీ చెప్పులు వేసుకుని ఒక్కతే బయటికి నడిచింది. మనిషికి సిగ్గుండాలి, పౌరుషముండాలి. ఈ ఇంట్లో తన ఒక్కదానికే ఉన్నట్టుంది. ఉన్నదాని వల్ల ఏం లాభం, రాత్రంతా నిద్ర లేకపోవడం తప్ప.

శుక్రవారం ఏలీయా బావమరిదిని కారులో కూర్చోబెట్టుకుని శంషాబాద్ వైపు పోయాడు. అదే కారు. ఎల్సీ షిఫ్టు దిగి కంపెనీ బస్సు కూడా ఎక్కకుండా మళ్ళీ హత్నూర పోయింది. ఏం మాట్లాడాలో అనుకోలేదు. మల్లవ్వ మేకలను లోపల కట్టేస్తూ, ఆమె వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తొంగి చూసింది.

"తమ్ముడు రాలేదా బిడ్డా?"

"రాడు. ఇమానం ఎక్కుతుండు."

"నేనే గుద్దిన అన్జెప్పనీకి గంత భయమా?" మల్లవ్వ నిజంగానే ఆశ్చర్యపోయింది. "నేనేమంటుంటి?"

అక్కడ తెగింది ఎల్సీకి. తల్లిని అనలేనిది, తమ్ముడు వినిపించుకోనిది, మొగుడికి పట్టనిది, అంతా తెచ్చి ఆ ముసలామె మీద పోసింది. "నువ్వు సత్తెవంతురాలివి. మేం అబద్ధాలోళ్ళం. సరే! గా సత్తెంతోటి నష్టం ఎవలికైతున్నది? నీకా? నా తమ్మునికా? నువ్వు కొడుకా కొడుకా అంటవే, గాయనకు. నీకు పులుసు కాసింది నేను. నిన్ను ఎత్తుకొని బయటికి తీస్కపోయింది గాయన. నీ కన్నకొడుకు ఉంటే చేస్తుండెనో లేదో. గంత చేసినోని కోసం నువ్వు ఒక్క మాట, ఒక్క అబద్ధం మాట ఆడలేవు. నీ నోరు అరిగిపోతదా? ఇగ నీ ప్రేమ నాకెందుకు, నాకు గా మాట కావాలె."

మేక ఒకటి అరిచింది. మల్లవ్వ దాన్ని గుంజకు కట్టి తాడు ముడి బిగించింది.

"గాయన పోయి అడిగి రమ్మన్నడా బిడ్డా?"

"లేదు. ఆయన ఎప్పుడన్న ఏదన్న అడిగిండా?"

"మస్కట్ పోవాలని ఉన్నదా గాయనకు?"

"ఉన్నది. పనిలేక మనిషి లోపల్లోపల కుమిలిపోతుండు."

"సరే తియ్యి" అంది మల్లవ్వ. "పోయిరా బిడ్డా. పొద్దువోయింది."

ఎల్సీకి ఆ 'సరే' నమ్మబుద్ధి కాలేదు. మళ్ళీ అడిగే మొహమూ లేదు.

శనివారం కోర్టు ఆవరణలో కాలు పెట్టే చోటు లేదు. ఏలీయా తెల్లారకముందే హత్నూర పోయి మల్లవ్వను బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. దారిలో ఇడ్లీ కూడా తినిపించాడట. ఆమె ఉతికిన చీర కట్టుకుంది, తలకు నూనె రాసుకుంది, ఎవరితోనూ మాట్లాడటం లేదు. రాంచందర్ ఈసారి నూరిపోయడానికి కూడా జంకాడు. "దేవుని మీద భారం" అని ఊరుకున్నాడు.

పేరు పిలిచారు. ఈసారి జడ్జిగారు వేరే ఆయన. ప్రశ్న మాత్రం అదే.

మల్లవ్వ కర్రను గోడకు ఆనించి ఒంటికాలి మీద బరువు మోపి నిలబడింది. ఏలీయా వైపు చూడలేదు. "గీయనే సారూ" అంది. "గీయనే నన్ను గుద్దింది. నా కండ్లార సూసిన. మాఫీ చేసిన."

ఎవరూ అడగకపోయినా, కళ్ళారా చూశానని కూడా అంది. ఏలీయా ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగాడు. నోరు తెరిచాడు కూడా. వెనక నుంచి ఎల్సీ అతని చొక్కా పట్టి గట్టిగా లాగింది. వేలిముద్ర పడింది. ఇంకొకరి పేరు పిలిచారు.

వరండాలోకి రాగానే ఎల్సీ మెట్టు మీద కూర్చుంది. అయిపోయింది. నిజంగా అయిపోయింది. రాంచందర్ చేతులు దులుపుకుంటూ, కాపీ రాగానే పోలీసు క్లియరెన్సుకు మళ్ళీ పెట్టుకోవచ్చు, నెలాఖరులోపు పని అవుతుందన్నాడు. ఫోను మోగింది. బిల్లీ. ఖతర్‌లో దిగాడట. "అక్కా, పనైందా? దేవునికి స్తోత్రం అక్కా, నేను పొద్దట్నుంచి ప్రార్థన చేస్తున్న" అంటున్నాడు. ఎల్సీ ఫోను కట్ చేసింది.

ఏలీయా బండి స్టార్టు చేసి మెట్ల దగ్గరికి తెచ్చాడు. "రా అవ్వా, కూసో. ఇంటికాడ దింపుత."

మల్లవ్వ ఎక్కలేదు. కర్ర పొడుచుకుంటూ గేటు వైపు నడక మొదలుపెట్టింది.

"అవ్వా! ఎటు పోతున్నవు?"

"బస్సుకు పోత."

"కాలు నొస్తది. ఎక్కు."

మల్లవ్వ ఆగింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది ఎల్సీకి. "ఎట్లెక్కుత బిడ్డా?" అంది. "నిన్న దాంక నువ్వు నన్ను ఎత్తుకొని సాకినోడివి. ఇయ్యాల జడ్జి సారు ముంగట నన్ను గుద్దినోడివని చెప్పిన. కోర్టుల ఒక మాట, బయటికొచ్చి ఒక మాట అనరాదు నాకు. గుద్దినోని బండి మీద ఎట్ల కూసుంట? మాఫీ చేసిన, పో. మంచిగ పోయి మంచిగ రా."

"గది ఊకె అన్న మాట అవ్వా. కోర్టు కోసం."

"ఊకె ఎట్లంటరు బిడ్డా?"

ఏలీయా బండి ఆపేసి, హెల్మెట్ చేతిలో పట్టుకుని ఆమె వెంబడే నడిచాడు. ఎల్సీ ఇద్దరి వెనక. బస్టాండు దాకా ముగ్గురూ అలాగే నడిచారు. మల్లవ్వ నాలుగడుగులకోసారి ఆగి కాలు నిమురుకుంటోంది. ఏలీయా చెయ్యి ముందుకు చాపుతున్నాడు, ఆమె అందుకోవడం లేదు, అతను వెనక్కి తీసుకుంటున్నాడు. చూడలేక ఎల్సీ ముందుకు పోయి ఆమె రెక్క పట్టుకుంది. ఆ చెయ్యిని మాత్రం మల్లవ్వ విడిపించుకోలేదు.

హత్నూర బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎల్సీ ఆమెను పట్టి ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. ముందు సీటావిడ, ఒళ్ళో కూరగాయల సంచి పెట్టుకున్నావిడ, మల్లవ్వ కాలు మడవలేక అవస్థ పడటం చూసి వెనక్కి తిరిగింది.

"కాలుకేమైందవ్వా?"

"కారు గుద్దింది బిడ్డా."

"అయ్యో. గుద్దినోడు దొరికిండా మరి?"

మల్లవ్వ కిటికీలోంచి బయటికి చూసింది. ప్లాట్‌ఫారం మీద ఏలీయా నిలబడి ఉన్నాడు. బస్సెక్కి ఆమె పక్కన కూర్చోవాలో, ఇంటికి పోవాలో తెలియని వాడిలా చూస్తున్నాడు.

"దొరికిండు." మల్లవ్వ వేలు పెట్టి చూపించింది. "గాయనే."

కిటికీల పక్కనున్నవాళ్ళంతా వంగి వంగి చూశారు. "సూస్తే మంచోని లెక్కనే ఉన్నడు" అంది ముందు సీటావిడ. "ఎవలిని నమ్మరాదు ఈ కాలంల" అన్నాడు వెనక నుంచి ఇంకొకాయన. అందరూ తనవైపు ఎందుకు చూస్తున్నారో అర్థంకాని ఏలీయా, మల్లవ్వను సాగనంపుతున్నట్టు చెయ్యి ఊపాడు.

కాదు, మా ఆయన కాదు, ఆయన చీమకు కూడా హాని చేసే మనిషి కాదు అని బస్సంతా వినబడేలా అరవాలనిపించింది ఎల్సీకి. మల్లవ్వ తలెత్తి, ఏమంటుందోనని ఎల్సీ ముఖంలోకే చూస్తోంది.

కండక్టరు విజిల్ వేశాడు. ఎల్సీ ఏమీ అనకుండా బస్సు దిగింది.